తొందరపాటు నిర్ణయం - దిద్దుకునే దారి
ఎం.బి.ఎ. ప్రవేశాల వేళ విద్యార్థులకు, తల్లిదండ్రులకు ఇస్లాం చూపే మార్గం

డిగ్రీ పూర్తిచేసిన మన పిల్లలలో చాలామంది ఐసెట్ రాస్తున్నారు. ఇంకా పెద్ద సంస్థలలో చేరాలని ఆశించేవారు క్యాట్ రాస్తున్నారు. పరీక్ష కోసం నెలల తరబడి నిద్ర మానుకుని చదువుతారు. కాని ర్యాంకు చేతికి వచ్చాక ఏ కళాశాలలో చేరాలి, ఎంత ఫీజు కట్టాలి, ఎక్కడ ఉండాలి అనే సంగతులు మాత్రం రెండు మూడు రోజులలో, ఒక్కోసారి రెండు మూడు గంటలలో తేల్చివేస్తారు. డబ్బు కట్టిన తరువాత అసలు వేదన మొదలవుతుంది. తొందరపడ్డామా? వెనక్కి తీసుకోవచ్చా? తీసుకుంటే అది అల్లాహ్ మీద నమ్మకం లేకపోవడం అవుతుందా?

ఒక ఉదాహరణ చూద్దాం. నిజామాబాద్‌లో సైకిళ్ళ మరమ్మతు దుకాణం నడుపుకునే ఒక తండ్రి ఉన్నాడనుకుందాం. కూతురు బి.కాం. పూర్తిచేసి ఐసెట్‌లో ఒక మోస్తరు ర్యాంకు తెచ్చుకుంది. కౌన్సెలింగు ఇంకా మొదలుకాలేదు. ఒక సాయంత్రం రాజధాని నుంచి ఫోను వచ్చింది. "రేపే ఆఖరు తేదీ. యాభై వేలు అడ్వాన్సు కడితే యాజమాన్య కోటాలో సీటు ఖాయం, లేకపోతే పోతుంది" అన్నారు. పెద్దమ్మాయి పెళ్ళికని చిట్టీలో కూడబెట్టిన డబ్బు తీసి ఆ రాత్రే కట్టేశారు. నాలుగు రోజులకు కౌన్సెలింగు ప్రకటన వెలువడింది. తన ర్యాంకుకు కన్వీనరు కోటాలో, అదీ ఇంటికి దగ్గరలోనే సీటు రావచ్చని ఆ అమ్మాయికి తెలిసింది.

"అబ్బా! మనం తొందరపడ్డామేమో" అని మెల్లగా అన్నది.

"కట్టేశాం కదా బేటీ. ఇక తఖ్దీర్‌లో ఏది రాసి ఉంటే అదే జరుగుతుంది" అన్నాడు తండ్రి.

ఆ తండ్రి మాటలో భక్తి ఉంది. అలసట కూడా ఉంది. అయితే ధర్మం ఆయన చేత అనిపించవలసిన మాట అదేనా అన్నది మనం ఆలోచించవలసిన విషయం.

తొందర గురించి ధర్మం ఏమంటుంది?

మానవుడి స్వభావంలోనే తొందరపాటు ఉందని దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో (17:11) తెలియజేస్తుంది. మేలు కోసం ప్రార్థించవలసిన మనిషి ఆత్రంలో తనకు కీడు కలిగించే దానినే కోరుకుంటాడని ఆ వాక్యం హెచ్చరిస్తుంది. నిదానం అల్లాహ్ తరఫు నుంచి, తొందరపాటు షైతాన్ తరఫు నుంచి అనే భావం గల హదీసును ఇమామ్ తిర్మిజీ తమ గ్రంథంలో పొందుపరచారు. వేళకు నమాజు చేయడం, అప్పు తీర్చడం, మృతులను ఖననం చేయడం వంటి పనులలో ఆలస్యం కూడదని మన ఉలమాలు చెబుతారు. అంటే మంచి పనిని వాయిదా వేయమని ఎవరూ అనడం లేదు. తెలియని దాన్ని తెలిసినట్లు భావించి దూకడమే ఇక్కడ తొందరపాటు.

అరేబియా తూర్పు ప్రాంతం నుంచి అబ్దుల్ ఖైస్ తెగవారు దైవప్రవక్త ముహమ్మద్ (స) దర్శనానికి మదీనా వచ్చిన సంఘటన ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినది. వచ్చినవారందరూ ఒంటెలు దిగీ దిగకముందే ప్రవక్త (స) వద్దకు పరుగెత్తారు. వారి నాయకుడు అషజ్ మాత్రం ఆగాడు. సామాను సర్దాడు, ఒంటెలను కట్టాడు, దుస్తులు మార్చుకున్నాడు, ఆ తరువాత నెమ్మదిగా వచ్చి సలాం చేశాడు. ఆయనలో అల్లాహ్‌కు ఇష్టమైన రెండు గుణాలు ఉన్నాయని, అవి సహనం, నిదానం అని ప్రవక్త (స) ప్రశంసించారు. సహీహ్ ముస్లింలో ఈ ప్రశంస నమోదై ఉంది. ప్రవక్త దర్శనం వంటి మహాభాగ్యం కోసం వచ్చినవాడే నిదానించి మెప్పు పొందాడు. అలాంటప్పుడు ఒక కళాశాల సీటు కోసం ఒక్క రాత్రి ఆగలేమా?

"రేపే ఆఖరు తేదీ" అనే మాట విన్నప్పుడు హుజురాత్ సూరాలోని ఆరవ వాక్యం మన మనసులో మెదలాలి. నమ్మదగని వ్యక్తి ఏదైనా వార్త తెస్తే దానిని పరిశీలించి తెలుసుకోవాలని, లేకపోతే తెలియక చేసిన పనికి తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని అందులో ఆదేశం ఉంది. సీటుకు ఇంత అని కమీషను తీసుకునే దళారీ చెప్పిన తేదీని పరిశీలించకుండా నమ్మడం ఈ ఆదేశానికి విరుద్ధం. అధికారిక నోటిఫికేషను తెరిచి చూస్తే అసలు గడువు ఏమిటో పది నిమిషాలలో తెలిసిపోతుంది.

తిరిగి ఆలోచించడం అవిశ్వాసం కాదు

ఒకసారి నిర్ణయం జరిగాక మళ్ళీ ఆలోచించడం మనసు నిలకడ లేనివాళ్ళ లక్షణమని మన పెద్దలలో ఒక అభిప్రాయం ఉంది. ఇస్లామీయ చరిత్ర మనకు చెబుతున్నది వేరు.

హిజ్రీ 2వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 624లో, బద్ర్ యుద్ధానికి ముందు ప్రవక్త (స) ఒకచోట విడిది చేశారు. సహచరుడు హుబాబ్ బిన్ ముంజిర్ (ర) వచ్చి, ఈ స్థలం దైవాదేశం ప్రకారం ఎంచుకున్నదా, లేక యుద్ధ వ్యూహంగా తీసుకున్న నిర్ణయమా అని వినయంగా అడిగారు. వ్యూహమే అని తెలుసుకున్నాక, నీటి బావులకు దగ్గరగా ముందుకు జరిగితే మేలని విన్నవించుకున్నారు. ప్రవక్త (స) ఆ సలహాను మెచ్చుకుని విడిదిని మార్చారని సీరత్ గ్రంథాలు పేర్కొంటున్నాయి. దైవప్రవక్త అంతటివారే మెరుగైన సలహా విని నిర్ణయాన్ని మార్చుకున్నప్పుడు మనకు నామోషీ ఎందుకు?

రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (ర) కాలంలో జరిగిన సంఘటన ఇంకా స్పష్టమైనది. ఆయన సిరియా ప్రయాణమై సర్గ్ అనే చోటికి చేరేసరికి అక్కడ ప్లేగు వ్యాపించిందన్న వార్త అందింది. ఆయన మొదట ముహాజిర్లను పిలిచి సలహా అడిగారు. వారిలో భిన్నాభిప్రాయాలు వచ్చాయి. తరువాత అన్సార్లను అడిగారు. వారూ ఏకాభిప్రాయానికి రాలేదు. చివరికి ఖురైష్ వృద్ధులను పిలిచారు. వారందరూ వెనక్కి మరలడమే మంచిదన్నారు. ఆయన వెనుదిరగడానికి నిశ్చయించుకున్నారు. అప్పుడు హజ్రత్ అబూ ఉబైదా (ర) అల్లాహ్ రాసిన విధి నుంచి పారిపోతున్నారా అని ప్రశ్నించారు. మనం ఒక విధి నుంచి అల్లాహ్ రాసిన మరో విధి వైపే వెళుతున్నామని హజ్రత్ ఉమర్ (ర) బదులిచ్చారు. ఒక లోయకు ఒకవైపు పచ్చిక, మరోవైపు బీడు ఉంటే ఒంటెలను ఎటు మేపినా అది అల్లాహ్ విధి ప్రకారమే కదా అని ఉపమానం కూడా చెప్పారు. ఆ తరువాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) వచ్చి, ప్లేగు ఉన్న ఊరికి వెళ్ళవద్దన్న ప్రవక్త (స) ఉపదేశాన్ని వినిపించారు. హజ్రత్ ఉమర్ (ర) అల్లాహ్‌ను స్తుతించి వెనుదిరిగారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఈ ఉదంతం ఉంది.

తఖ్దీర్ పేరు చెప్పి చేతులు ముడుచుకునేవారికి ఇందులో గొప్ప పాఠం ఉంది. ఫీజు కట్టడం ఎంత విధిలిఖితమో, అది సరికాదని తెలిసినప్పుడు వెనక్కి అడగడం కూడా అంతే విధిలిఖితం.

వ్యాపార ధర్మంలో "ఖియార్"

కుదిరిన బేరాన్ని పునరాలోచించుకునే హక్కును ఇస్లామీయ వ్యాపార శాస్త్రం ఒక ప్రత్యేక అధ్యాయంగా చర్చించింది. దానిని ఖియార్ అంటారు. ఎంపిక హక్కు అని అర్థం. కొనేవారు, అమ్మేవారు విడిపోనంతవరకు ఇద్దరికీ ఈ హక్కు ఉంటుందని, ఇద్దరూ నిజం చెప్పి లోపాలు దాచకపోతే ఆ బేరంలో బర్కత్ ఉంటుందని, అబద్ధమాడి దాచిపెడితే బర్కత్ తొలగిపోతుందని ప్రవక్త (స) బోధించారు. ఒక సహచరుడు బేరాలలో తరచూ మోసపోతుండేవాడు. మోసం ఉండకూడదనే షరతును బేరం సమయంలోనే నోటితో చెప్పుకోమని ఆయనకు ప్రవక్త (స) నేర్పారు. మూడు రోజుల గడువు కూడా ఇచ్చినట్లు కొన్ని ఉల్లేఖనాలలో ఉంది. షరతు పెట్టుకుని కొన్నప్పుడు పునరాలోచనకు గరిష్ఠంగా మూడు రోజులు అని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయపడింది దీని ఆధారంగానే. చూడకుండా కొన్న వస్తువును చూసిన తరువాత వద్దనుకునే హక్కును కూడా హనఫీ ఫిఖా గుర్తించింది. దానిని ఖియారె రూయత్ అంటారు.

చదువు సంతలో సరుకు కాదు, నిజమే. అయినా ఈ సూత్రాల వెనుక ఉన్న దయను గమనించండి. మనిషి తొందరపడతాడని, చూడకుండా ఒప్పుకుంటాడని, మాటకారి ముందు తడబడతాడని ధర్మం ముందే ఎరిగి అతనికి ఒక తలుపు తెరిచి ఉంచింది. కళాశాల భవనం చూడకుండా, అధ్యాపకులు ఎందరో తెలుసుకోకుండా, రంగుల బ్రోచరు చూసి డబ్బు కట్టినవారికి ఇంతకంటె ఊరట ఏముంటుంది?

ఇక్కడే కళాశాలలు నడిపే సోదరులకు కూడా ఒక మాట. బేరం పూర్తయ్యాక చింతిస్తున్నవాడి కోరిక మన్నించి బేరాన్ని రద్దుచేయడాన్ని ఇఖాలా అంటారు. అలా మన్నించినవాడి తప్పిదాలను అల్లాహ్ ప్రళయదినాన మన్నిస్తాడన్న శుభవార్త హజ్రత్ అబూ హురైరా (ర) ద్వారా మనకు అందింది. అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఇది ఉంది. మైనారిటీ సంస్థ అనే బోర్డు పెట్టుకుని, పేద విద్యార్థి ఫీజు వాపసు అడిగినప్పుడు నెలల తరబడి తిప్పడం, సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చోవడం ఆ బోర్డుకు తగిన పని కాదు.

నేటి నిబంధనలలోనూ తలుపులు ఉన్నాయి

ప్రభుత్వ నిబంధనలలోనూ ఇలాంటి గడువులు ఉన్నాయి. మన కుటుంబాలకు వాటి సంగతి తెలియకపోవడం వల్లనే ఎక్కువ నష్టం జరుగుతోంది.

ఐసెట్ కౌన్సెలింగులో సర్టిఫికెట్ల పరిశీలన తరువాత విద్యార్థి తనకు కావలసిన కళాశాలలను వరుసక్రమంలో ఇవ్వాలి. వీటినే వెబ్ ఆప్షన్లు అంటారు. గడువు ముగిసి ఆప్షన్లు ఫ్రీజ్ అయ్యేవరకు ఆ వరుసను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. పైన రాసిన కళాశాలలో సీటు ఉంటే కింద రాసినది ఇవ్వరు. కనుక వరుస చాలా ముఖ్యం. నెట్ సెంటరులో ఎవరో కుర్రవాడికి పాస్‌వర్డు ఇచ్చి "నీకు తోచినవి పెట్టెయ్ భాయ్" అనడం ఎంత ప్రమాదమో దీనిని బట్టి గ్రహించవచ్చు. ఆ రాత్రి తొందరలో పెట్టినా, ఫ్రీజ్ కాకముందు మర్నాడు ఉదయం ఇంటిల్లిపాదీ కూర్చుని మరొక్కసారి చూసుకోండి.

సీటు కేటాయించాక నిర్ణీత తేదీలోగా ఫీజు చెల్లించి వెబ్‌సైటులో రిపోర్టు చేయకపోతే ఆ సీటు రద్దవుతుంది. తరువాతి విడతలో మళ్ళీ ఆప్షన్లు ఇచ్చినవారికి కొత్త సీటు వస్తే పాత సీటు దానంతట అదే వేరొకరికి పోతుంది. దానిమీద ఇక హక్కు ఉండదు. కనుక చేతిలో ఉన్న సీటు కంటె నిజంగా మేలైనవని అనుకున్న కళాశాలలనే రెండో విడతలో రాయాలి. ఊరికే చూద్దామని రాసి ఉన్నది పోగొట్టుకోకూడదు.

ఇక ఫీజు వాపసు సంగతి. సాంకేతిక, మేనేజ్‌మెంట్ విద్యను పర్యవేక్షించే ఎ.ఐ.సి.టి.ఇ. నిబంధనల ప్రకారం కోర్సు ప్రారంభం కాకముందే విద్యార్థి తప్పుకుంటే, వెయ్యి రూపాయలకు మించని ప్రాసెసింగ్ రుసుము మినహాయించి మిగతా ఫీజు తిరిగి ఇవ్వాలి. అసలు సర్టిఫికెట్లను కళాశాల అట్టిపెట్టుకోకూడదు. విశ్వవిద్యాలయాలకు సంబంధించి యు.జి.సి. 2018లో ఒక పట్టిక ప్రకటించింది. ప్రవేశాల ఆఖరు తేదీకి 15 రోజులు లేదా అంతకుముందే తప్పుకుంటే కొద్దిపాటి ప్రాసెసింగ్ రుసుము పోను పూర్తి ఫీజు, 15 రోజుల కంటె తక్కువ ఉండగా తప్పుకుంటే 90 శాతం, ఆఖరు తేదీ దాటిన 15 రోజులలోపు 80 శాతం, 16 నుంచి 30 రోజులలోపు 50 శాతం వాపసు వస్తుంది. ఆ తరువాత ఏమీ రాదు. ఆ పిమ్మట కొన్ని విద్యా సంవత్సరాలకు ప్రత్యేక ఆదేశాలు కూడా వెలువడ్డాయి. కనుక ఏ సంవత్సరానికి ఆ సంవత్సరపు ఉత్తర్వు చూసుకోవాలి. ఈ లెక్కలో ప్రతి రోజుకూ విలువ ఉంది. అడగాలా వద్దా అని మొహమాటంతో వారం గడిపితే ఆ వారం ఖరీదు వేలల్లో ఉంటుంది. అడిగేటప్పుడు ఫోనులో కాక లిఖితపూర్వకంగా, తేదీ వేసి, రసీదు నకలు జతచేసి అడగండి. ఒప్పందాన్ని రాసుకోమని బఖరా సూరాలోని 282వ వాక్యం మనకు నేర్పనే నేర్పింది.

వివేకం ఏది? వస్వాసా ఏది?

మనసులో కలిగే ప్రతి అనుమానాన్ని పట్టుకుని నిర్ణయం మార్చుకుంటూ పోతే మనిషి ఏ గట్టుకూ చేరడు. షైతాన్ మనసులో ఊదే కలవరాన్ని వస్వాసా అంటాం. దానికీ వివేకంతో కూడిన పునరాలోచనకూ తేడా తెలుసుకోవడానికి ఒక సులభమైన పరీక్ష ఉంది. నిర్ణయం తీసుకున్న రోజున తెలియని కొత్త విషయం ఏదైనా ఇవాళ తెలిసిందా? తెలిస్తే పునరాలోచించండి. కొత్తగా తెలిసింది ఏమీ లేక, "పక్కింటి అబ్బాయి ఫలానా కాలేజీలో చేరాడట", "బంధువులు ఏమనుకుంటారో" అనే దిగులు మాత్రమే ఉంటే అది వస్వాసా. హజ్రత్ హుబాబ్ (ర) నీటి బావుల సంగతి చెప్పారు, హజ్రత్ ఉమర్ (ర)కు ప్లేగు వార్త అందింది. రెండు చోట్లా ఒక వాస్తవం ఉంది.

మేనేజ్‌మెంట్ కోర్సుల విషయంలో పరిశీలించవలసిన వాస్తవాలు ఇవి.

మొదటిది, కళాశాలకు ఎ.ఐ.సి.టి.ఇ. ఆమోదం ఉందా లేదా. ఇచ్చేది విశ్వవిద్యాలయ ఎం.బి.ఎ. డిగ్రీయా, పి.జి.డి.ఎం. డిప్లొమాయా అన్నది కూడా అడగాలి. డిప్లొమా అయినంత మాత్రాన తక్కువ కాదు. 2018 జనవరి 31న ఐ.ఐ.ఎం.ల చట్టం అమలులోకి వచ్చేవరకు ఐ.ఐ.ఎం.లు ఇచ్చింది కూడా డిప్లొమాలే. అయితే ఆమోదం లేని సంస్థ ఇచ్చే కాగితం వేరు సంగతి.

రెండవది, కోటా. తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్ అర్హతలున్న విద్యార్థికి కన్వీనరు కోటా సీటు మీద వర్తిస్తుంది. యాజమాన్య కోటా సీటు మీద వర్తించదు. పై ఉదాహరణలోని కుటుంబం ఆ రాత్రి ఈ ఒక్క విషయం తెలుసుకుని ఉంటే చిట్టీ డబ్బు కదిలేది కాదు. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషను ఉంది. 2007 నాటి చట్టం ద్వారా వచ్చిన ఈ సదుపాయం జాబితాలోని ముస్లిం వర్గాలకే చెందుతుంది. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటి వర్గాలు ఆ జాబితాలోకి రావు. అలాంటివారు ఆదాయ పరిమితులకు లోబడి ఇ.డబ్ల్యు.ఎస్. కోటాను పరిశీలించుకోవచ్చు. రాష్ట్ర బి.సి. జాబితా, కేంద్ర ఓ.బి.సి. జాబితా ఒకటి కావు. క్యాట్ దరఖాస్తులో కేటగిరీ గడి నింపేముందు తమ వర్గం కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. తొందరలో తప్పు గడి నింపితే తరువాత సీటుకే ముప్పు.

మూడవది, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అన్నది. వడ్డీని అల్లాహ్ నిషేధించిన సంగతి మనందరికీ తెలుసు. తొందరపడి శక్తికి మించిన సీటు ఒప్పుకున్నవారే రెండో వాయిదా నాటికి వడ్డీ అప్పు గుమ్మంలో నిలబడుతున్నారు. విద్యారుణం విషయంలో సందేహం ఉంటే తమ ఊరి విశ్వసనీయ ఆలింను ముందే అడగాలి. తక్కువ ఫీజుతో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఉర్దూ మాధ్యమంలో చదివినవారికి 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం హైదరాబాద్ గచ్చిబౌలిలో ఎం.బి.ఎ. నడుపుతోంది. ఇవన్నీ చూడకముందే "మనకు వేరే దారి లేదు" అనుకోవడం సరికాదు.

నాలుగవది, ఆడపిల్లల వసతి, ప్రయాణం. ఈ కారణం చెప్పి చదువు మాన్పించమని కాదు. దూరంగా ఉన్న కళాశాలలో కట్టిన ఫీజుకు తోడు హాస్టలు ఖర్చు కూడా లెక్కవేసి, దగ్గరలోని కళాశాలతో పోల్చి చూడమని మాత్రమే.

సలహా, ఇస్తిఖారా

విశ్వాసుల వ్యవహారాలు పరస్పర సంప్రదింపులతో నడుస్తాయని ఖుర్ఆన్ చెప్పిన సూరాకు షూరా అనే పేరే ఉంది. మన ఇళ్ళలో మష్వరా అంటే మామూ, చిచ్చా, బావగారు కూర్చుని మాట్లాడటం. చదవబోయే అమ్మాయి మాత్రం వంటగది గుమ్మం దగ్గర నిలబడి వింటూ ఉంటుంది. హిజ్రీ 6వ సంవత్సరంలో హుదైబియా ఒడంబడిక తరువాత సహచరులు బాధతో కదలకుండా ఉండిపోయినప్పుడు, ప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఉమ్మె సలమా (ర) సలహా పాటించారు. ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి ముందుగా తామే ఖుర్బానీ ఇవ్వమని ఆమె సూచించారు. ఆయన అలాగే చేశారు, చిక్కు విడిపోయింది. కాబట్టి ఇంటి ఆడవారిని, ముఖ్యంగా ఆ చదువు చదవబోయేవారిని ముందు అడగండి. ఆ కళాశాలలో ఇప్పటికే చదువుతున్న ఇద్దరు ముగ్గురు విద్యార్థులను కూడా అడగండి. సీటు అమ్మి కమీషను పొందేవాడి సలహా మాత్రం సలహా కిందికి రాదు.

ఖుర్ఆన్ సూరాను నేర్పినంత శ్రద్ధగా ప్రవక్త (స) తమకు అన్ని విషయాలలో ఇస్తిఖారా నేర్పేవారని హజ్రత్ జాబిర్ (ర) తెలియజేశారు. రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి, ఈ పని నా ధర్మానికి, జీవితానికి, పరిణామానికి మేలైతే సులభం చేయమని, కీడైతే దానిని నా నుంచి, నన్ను దాని నుంచి మరల్చమని అల్లాహ్‌ను వేడుకోవడమే ఇస్తిఖారా. కలలో పచ్చరంగు కనిపించాలని, ఎవరో వచ్చి కళాశాల పేరు చెప్పాలని ఎదురుచూడనవసరం లేదు. విషయం తెలుసుకోవడం, పెద్దలను అడగడం, ప్రార్థించడం - ఈ మూడూ కలిసి నడవాలి. డబ్బు కట్టిన తరువాత కూడా, వాపసు తీసుకోవాలా ఉంచుకోవాలా అనే ప్రశ్నకు ఇస్తిఖారా చేయవచ్చు. అదీ ఒక నిర్ణయమే కదా.

గడువు దాటిన తరువాత

తలుపులు ఎల్లకాలం తెరిచి ఉండవు. ఫ్రీజ్ అయిన ఆప్షను మారదు. ముప్ఫై రోజులు దాటిన ఫీజు తిరిగి రాకపోవచ్చు. అప్పుడు ఏం చేయాలి?

దీనికి సమాధానం ఉహద్ యుద్ధంలో ఉంది. హిజ్రీ 3వ సంవత్సరంలో శత్రుసేన వస్తోందని తెలిసినప్పుడు మదీనాలోనే ఉండి ఎదుర్కోవాలా, బయటికి వెళ్ళాలా అని ప్రవక్త (స) సంప్రదించారు. ఊరిలోనే ఉండాలన్నది ఆయన మొగ్గు. బద్ర్‌లో పాల్గొనే అవకాశం దొరకని యువకులు ఉత్సాహంతో బయటికే వెళదామని పట్టుబట్టారు. ఆయన అంగీకరించి కవచం ధరించి వచ్చేసరికి వారికి పశ్చాత్తాపం కలిగింది. తమ ఇష్టప్రకారమే చేయండని బతిమాలారు. కవచం తొడిగాక పోరు ముగియకుండా దానిని విప్పడం ప్రవక్తకు తగదని ఆయన సమాధానమిచ్చారు. ఆ పోరులో ముస్లింలకు భారీ నష్టం జరిగింది. ఆ తరువాత అవతరించిన ఆలి ఇమ్రాన్ సూరాలోని 159వ వాక్యంలో అల్లాహ్ తమ ప్రవక్తకు ఏమని ఆదేశించాడు? వారిని మన్నించమన్నాడు. ఇకముందు కూడా వారిని సంప్రదిస్తూనే ఉండమన్నాడు. దృఢంగా నిశ్చయించుకున్న తరువాత అల్లాహ్ మీద భారం వేయమన్నాడు.

తల్లిదండ్రులు ఈ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదవాలి. పిల్ల తొందరపడి ఆప్షను తప్పు పెట్టిందని ఏడాది పొడుగునా దెప్పడం, "నీ మాట విని మునిగాం" అనడం ఈ ఆదేశానికి తగినట్లు లేదు. అలాగే పిల్లలు కూడా, ఫోనుకు జడిసి డబ్బు కట్టిన తండ్రిని తప్పుపట్టకూడదు. ఆయన తొందర వెనుక ఉన్నది ప్రేమే.

మేలు చేసే వాటికోసం పాటుపడమని, అల్లాహ్ సహాయం కోరమని, చతికిలబడవద్దని, ఏదైనా జరిగిపోతే "అలా చేసి ఉంటే" అనే మాట షైతాన్‌కు దారి తెరుస్తుంది కనుక దానిని వదలమని ప్రవక్త (స) ఉద్బోధించారు. సహీహ్ ముస్లింలో ఈ హదీసు ఉంది. ఇందులో వరుసను గమనించండి. పాటుపడటం మొదట ఉంది, దుఃఖించకపోవడం చివర ఉంది. గడువు ఉండగానే "అంతా తఖ్దీర్" అనడం మొదటి భాగాన్ని వదిలివేయడం. గడువు దాటాక "అలా చేసి ఉంటేనా" అని కుమిలిపోవడం చివరి భాగాన్ని వదిలివేయడం. రెండూ పొరపాటే. దొరికిన కళాశాలలోనే గ్రంథాలయాన్ని, గురువులను, సమయాన్ని పూర్తిగా వినియోగించుకున్న విద్యార్థిని అల్లాహ్ వృథా పోనివ్వడు. మనకు నచ్చనిదానిలోనే మనకు మేలు ఉండవచ్చునని బఖరా సూరా 216వ వాక్యం ఓదారుస్తోంది.

హజ్రత్ ఉమర్ (ర) న్యాయాధికారిగా ఉన్న హజ్రత్ అబూ మూసా అష్అరీ (ర)కి రాసినట్లు ప్రసిద్ధమైన లేఖలో ఒక సూచన ఉంది. నిన్న ఇచ్చిన తీర్పు మీద ఇవాళ మళ్ళీ ఆలోచించి సత్యం కనుగొంటే, సత్యం వైపు మరలడానికి నిన్నటి తీర్పు అడ్డు కారాదని ఆ సూచన సారాంశం. పెద్ద పెద్ద తీర్పులకే వర్తించిన ఈ నియమం ఒక సీటుకు, ఒక రసీదుకు వర్తించదా?

ఈ శుక్రవారం జుమా నమాజు తరువాత ఇంట్లో పిల్లల చదువు ప్రస్తావన వస్తే ముందుగా మూడు తేదీలు కాగితం మీద రాసుకోండి. ఆప్షన్లు మార్చుకునే ఆఖరు తేదీ, ఫీజు కట్టే ఆఖరు తేదీ, పూర్తి ఫీజు వాపసు అడిగే ఆఖరు తేదీ. ఆ తేదీల లోపల నిస్సంకోచంగా ఆలోచించండి, అడగండి, మార్చుకోండి. ఆ తేదీలు దాటాక అల్లాహ్ మీద భారం వేసి ముందుకు నడవండి.

మన సంతానానికి ప్రయోజనకరమైన విద్యను, మనకు నిదానాన్ని, సరైన నిర్ణయం తీసుకునే వివేకాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.